తాత నడిపిన ఇంజను: ఆనవాళ్లు పట్టే దారి

పొగబండి ఇంజనుకు మూడు రకాల గుర్తులుంటాయి. ఒకటి తరగతి. ఏ గేజి (పట్టాల మధ్య వెడల్పు) మీద, ఏ పనికి, ఏ నమూనాలో చేశారో ఇది చెబుతుంది. రెండోది నడిచే నంబరు. డ్రైవరు నిలబడే క్యాబు పక్కన, బొగ్గూ నీళ్లూ మోసే టెండరు వెనక పెద్ద అంకెల్లో కనిపించే ఈ నంబరును రైల్వే ఇస్తుంది. మూడోది తయారీ నంబరు. ఫ్యాక్టరీ తన లెక్క కోసం వేసుకుని, తయారైన సంవత్సరంతో పాటు ఒక చిన్న లోహపు పలక మీద పోతపోసి ఇంజనుకు బిగించేది ఇదే. ఒకే తరగతిలో వందల ఇంజన్లుంటాయి. నడిచే నంబరు యజమాని మారితే మారిపోవచ్చు. తయారీ నంబరు మాత్రం ఇంజను ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు నుంచి పాత ఇనుముగా కరిగేదాకా అదే. తాతో ముత్తాతో నడిపిన ఇంజను చరిత్రను వెతకాలంటే ఇంట్లో మిగిలిన జ్ఞాపకంతో మొదలుపెట్టి, తరగతి తేల్చుకుని, నడిచే నంబరు పట్టుకుని, చివరికి తయారీ నంబరు దాకా చేరాలి.

ధర్మవరం, గుంతకల్లు, పాకాల రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన కుటుంబాల్లో ఈ జ్ఞాపకాలు ఇంకా ఉన్నాయి. హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్నాయి. ఈ చుట్టుపక్కల ఊళ్లకు బయటి ప్రపంచంతో మొదటి చుట్టరికం కలిపింది రైలే. "మా తాత ఇంజను తోలేవాడు" అన్న ఒక్క మాట నుంచి వెతుకులాట మొదలవుతుంది.

లైను ఎవరిది?

ఇంజనును వెతికే ముందు దాని యజమానిని వెతకాలి. కాగితాలు మిగిలితే యజమాని దగ్గరే మిగులుతాయి గనుక.

ఈ సీమకు రైలు రావడానికి 1876-78 నాటి ధాత కరువు ఒక పెద్ద కారణం. ఆ తర్వాత వేసిన కరువు కమిషను, కరువు ప్రాంతాలకు ధాన్యం చేర్చే రైలు మార్గాలు వేయాలని 1880లో గట్టిగా సిఫారసు చేసింది. అప్పటికే మద్రాసు రైల్వే వారి బ్రాడ్ గేజి గుత్తి మీదుగా పోయి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు లైనుతో కలిసింది. మిగతా కరువు సీమకు చవకగా అయ్యే మీటర్ గేజిని ఎంచుకున్నారు. పట్టాల మధ్య వెడల్పు బ్రాడ్ గేజిలో 1,676 మిల్లీమీటర్లయితే, మీటర్ గేజిలో 1,000. వంపులు బిగువుగా తిప్పవచ్చు, వంతెనలు చిన్నవి చాలు, ఇంజన్లూ తేలికవి. 1882లో ఏర్పడిన సదరన్ మరాఠా రైల్వే కంపెనీ గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ మీదుగా హిందూపురం దాకా మైసూరు సరిహద్దు లైనును నడిపింది. అక్కడి నుంచి యశ్వంతపురం వరకు ఉన్న ముక్క మైసూరు సంస్థానానిది. ఇదంతా 1892-93 ప్రాంతంలో జరిగింది. దాదాపు అదే రోజుల్లో దక్షిణ భారత రైల్వే వారు పాకాల నుంచి ధర్మవరానికి మరో మీటర్ గేజి లైను తెచ్చి కలిపారు. అంటే ధర్మవరం జంక్షనులో మొదట్లో రెండు కంపెనీలు కలిశాయి. కుటుంబం చెప్పే ఊరు ధర్మవరమే అయినా, తాత పనిచేసింది ఏ కంపెనీలోనో ముందు తేల్చుకోవాలి.

తర్వాత యజమానులు మారుతూ వచ్చారు. 1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. పాతతరం వాళ్ల నోట అది ఎం.ఎస్.ఎం. 1944 ఏప్రిల్ 1న దాన్ని ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే పుట్టినప్పుడు ఎం.ఎస్.ఎం., దక్షిణ భారత, మైసూరు రైల్వేలు మూడూ అందులో కలిశాయి. 1977 అక్టోబరు 2న గుంతకల్లు డివిజను దక్షిణ మధ్య రైల్వేకు మారింది. ఇప్పుడు ధర్మవరం గుంతకల్లు డివిజనులో ఉంటే, పెనుకొండ, హిందూపురం నైరుతి రైల్వేవారి బెంగళూరు డివిజనులో ఉన్నాయి. ఒకే లైను మీద, ఒకే ఇంజనులో పనిచేసిన ఇద్దరి కాగితాలు ఇలా చెన్నైకి ఒకటి, సికింద్రాబాదుకు ఒకటి పోయి ఉండవచ్చు. తాత ఉద్యోగంలో చేరిన ఏడు, దిగిన ఏడు తెలిస్తే తలుపు తట్టాల్సిన ఆఫీసేదో తెలుస్తుంది.

మనిషి కాగితాలు

ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున దొరికే కాగితాల్లో అన్నిటికన్నా విలువైనది సర్వీసు రికార్డు. హోదా, షెడ్డు, బదిలీలు, జరిమానాలు అందులో తేదీలతో ఉంటాయి. చాలామంది పింఛను కాగితం కోసం వెతికి నిరాశపడతారు. రైల్వేలో పింఛను పథకం వచ్చింది 1957లో. అంతకు ముందు దిగిపోయినవాళ్లకు ప్రావిడెంట్ ఫండే దిక్కు. కాబట్టి 1940ల్లో రిటైరైన మనిషికి పింఛను పుస్తకం దొరకలేదంటే ఆయన రైల్వేలో చేయలేదని అర్థం కాదు. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీసు దస్తరాల్లో రైల్వే సిబ్బంది జాబితాలున్నాయి. వాటిలో యూరోపియన్ల, ఆంగ్లో ఇండియన్ల పేర్లే ఎక్కువ. తెలుగు ఫైర్‌మ్యాన్ పేరు కోసం అక్కడ ఆశ పెట్టుకోవడం కన్నా చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో రైల్వేల వార్షిక నివేదికలు తిరగేయడం మేలు. వాటిలో మనుషుల పేర్లు ఉండకపోయినా కంపెనీ దగ్గర ఆ ఏడాది ఉన్న ఇంజన్ల లెక్క తెలుస్తుంది.

హోదా విషయంలో కుటుంబ కథను కాస్త జాగ్రత్తగా చదవాలి. కుర్రాడు క్లీనరుగా చేరి, నూనె గుడ్డతో ఇంజను తుడిచి, తర్వాత రెండో ఫైర్‌మ్యాన్, మొదటి ఫైర్‌మ్యాన్, షంటరు మెట్లెక్కి, చివరికి గూడ్సు డ్రైవరయ్యేవాడు. పాసింజరు, మెయిలు ఆ పైన. కంపెనీల రోజుల్లో మెయిలు బండ్లు ఎక్కువగా యూరోపియన్ల, ఆంగ్లో ఇండియన్ల చేతిలోనే ఉండేవి. అందుకే 1920ల్లో "మెయిలు తోలాడు" అని ఇంట్లో చెప్పుకునే మనిషి ఆ మెయిలు ఇంజనులో ఫైర్‌మ్యాన్ అయి ఉండే అవకాశం ఎక్కువ. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఒక్క డ్యూటీలో టన్నుల లెక్కన బొగ్గు పారతో ఎత్తి, నిప్పుగూడులో పలచని చోటు చూసి విసిరి, ఎత్తు రాకముందే ఆవిరి సిద్ధం చేసి పెట్టేవాడు ఫైర్‌మ్యాన్. బండి సమయానికి చేరడంలో అతని పాలు డ్రైవరు పాలుకు తక్కువ కాదు.

"తాత ఇంజను" అనే మాటకు అర్థం ఉందా అన్నది మరో ప్రశ్న. గూడ్సు బండ్లకు షెడ్డులో ఏ ఇంజను సిద్ధంగా ఉంటే అది ఇచ్చేవారు. పాసింజరు, మెయిలు ఇంజన్లను మాత్రం చాలా షెడ్లలో కొద్దిమంది డ్రైవర్లకే కేటాయించేవారు. అలాంటి డ్రైవర్లు క్యాబు మీద తమ పేరు రాయించుకుని, ఇత్తడి నగిషీలు సొంత డబ్బుతో పెట్టించుకునేవారు. ఇంట్లోవాళ్లు ఒకే నంబరును మళ్లీ మళ్లీ చెబుతున్నారంటే అది ఇలా కేటాయించిన ఇంజనే అయి ఉండాలి. ఆ నంబరును నమ్మవచ్చు.

ఫొటోలో చక్రాలు

నంబరు తెలియకపోయినా ఫొటో ఒకటి ఉంటే సగం పని అయినట్టే. అందులో మనుషుల కన్నా ముందు చక్రాలు చూడాలి. ఇంజను పక్కన పొడవాటి ఉక్కు కడ్డీ కలిపి ఉంచిన పెద్ద చక్రాలు లాగేవి. వాటి ముందున్న చిన్నవి దారి చూపేవి, వెనకవి బరువు మోసేవి. ముందు, మధ్య, వెనక చక్రాల లెక్కను మూడు అంకెల్లో రాస్తారు. 0-6-0 అంటే లాగే చక్రాలు ఆరు మాత్రమే. మీటర్ గేజి తొలి దశాబ్దాల్లో దేశమంతా తిరిగిన ఎఫ్ తరగతి ఇంజన్లు ఇలాంటివే. పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి ఇంజనుగా పేరుపొందిన ఎఫ్-734 కూడా ఈ తరగతిదే. 1895లో అజ్మీరులో చేసిన దీన్ని ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో చూడవచ్చు. 4-6-0 కనిపిస్తే ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల పాసింజరు ఇంజను కావచ్చు. 4-6-2, 2-8-2 అయితే ఎక్కువగా 1920ల నుంచి వచ్చినవి. స్వాతంత్ర్యం తర్వాత మీటర్ గేజిని ఏలిన రెండు తరగతులు ఇందులోకే వస్తాయి. వై.పి. 4-6-2, వై.జి. 2-8-2. వై అంటే మీటర్ గేజి, పి పాసింజరు, జి గూడ్సు. ఈ రెండింటిలో ఫొటోలోది ఏదో తేల్చాలంటే, లాగే చక్రాలు పక్కకు మూడు కనిపిస్తే వై.పి., నాలుగు కనిపిస్తే వై.జి.

ఈ తేడా వెనక లెక్క ఉంది. బాయిలరులో పుట్టిన ఆవిరి సిలిండరులోకి పోయి పిస్టన్‌ను నెడుతుంది. ఆ తోపును కడ్డీ చక్రానికి అందిస్తుంది. ఇంజను ఎంత బలంగా లాగగలదో చెప్పడానికి పాత ఇంజనీర్లు ఒక సూత్రం వాడేవారు. సిలిండరు వ్యాసాన్ని వర్గం చేసి, పిస్టన్ కదిలే పొడవుతో, ఆవిరి ఒత్తిడిలో 85 శాతంతో గుణించి, లాగే చక్రం వ్యాసంతో భాగించాలి. వై.పి. ఇంజనులో సిలిండరు వ్యాసం పదిహేనుంపావు అంగుళాలు, పిస్టన్ నడక 24 అంగుళాలు, ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌన్లు, చక్రం 54 అంగుళాలు. లెక్కిస్తే 18,450 పౌన్లు, అంటే దాదాపు 8,370 కిలోల లాగుడు వస్తుంది. చక్రం వ్యాసం భాగించే చోట ఉంది కాబట్టి చక్రం చిన్నదైన కొద్దీ బలం పెరుగుతుంది. వై.జి. చక్రం 48 అంగుళాలే. మిగతావన్నీ వై.పి. లెక్కలే ఉంచి చక్రం ఒక్కటి అంత చేసినా బలం ఎనిమిదో వంతు పెరిగేది. దానికి బదులు వేగం తగ్గుతుంది. చక్రం చిన్నదైతే అంతే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి, పిస్టన్ అంత వేగంగా కొట్టుకోవాలి.

ధర్మవరం నుంచి హిందూపురం పోయే దారిలో ఈ లెక్క పుస్తకానికే పరిమితం కాదు. ధర్మవరం సముద్రమట్టానికి దాదాపు 350 మీటర్ల ఎత్తున ఉంటే హిందూపురం 620 మీటర్ల పైనే ఉంది. పెనుకొండ గుట్టల పక్కగా పోయే బండి నికరంగా ఎక్కుతూనే పోవాలి. వంద అడుగులకు ఒక అడుగు ఎక్కే చోట, పట్టాల రాపిడి సంగతి అటుంచి, ప్రతి టన్ను బరువుకూ పది కిలోల లాగుడు అదనంగా కావాలి. 400 టన్నుల బండికి అది 4,000 కిలోలు. వై.పి. మొత్తం బలంలో దాదాపు సగం ఎత్తు ఎక్కడానికే పోతుందన్నమాట. హిందూపురం బెల్లం, చింతపండు సంతల సరుకు మోసే బండ్లకు నాలుగు జతల చక్రాల ఇంజన్లు ఎందుకు కావాలో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ముసలివాళ్ల చెవి జ్ఞాపకమూ ఇక్కడ పనికొస్తుంది. రెండు సిలిండర్ల ఇంజను చక్రం ఒక చుట్టు తిరిగితే చిమ్నీ నుంచి నాలుగుసార్లు ఆవిరి ఎగదన్నుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో వై.పి. సెకనుకు అయిదుసార్లు చప్పుడు చేస్తుంది. అంతకన్నా వేగం పెరిగితే చప్పుళ్లు కలిసిపోయి లెక్కకు అందవు. అందుకే జనం గుర్తుంచుకునే "చుక్ చుక్" స్టేషను వదిలే వేళదో, ఎత్తు ఎక్కే వేళదో అవుతుంది.

నంబర్లు మారిన వైనం

ఇంట్లో చెప్పుకునే నంబరు ఏ కాలానిదో దాని రూపాన్ని బట్టే కొంత చెప్పవచ్చు. 1957 ప్రాంతంలో దేశంలోని బ్రాడ్ గేజి, మీటర్ గేజి ఇంజన్లన్నిటికీ ఒకే వరుస నంబర్లు పెట్టారు. అప్పుడు పాత కంపెనీల మీటర్ గేజి ఇంజన్లకు 30,000 పైన అయిదంకెల నంబర్లు వచ్చాయి. వై.పి. ఇంజన్లు 2000 నుంచి, వై.జి. ఇంజన్లు 3000, 4000 వరుసల్లో నడిచాయి. కాబట్టి నాలుగంకెల నంబరు 2తో మొదలైతే వై.పి. అయి ఉండవచ్చు. అయిదంకెల నంబరు 3తో మొదలైతే అది కంపెనీల కాలం నుంచి మిగిలి వచ్చిన ముసలి ఇంజను. చిన్న నంబరు, రెండంకెలదో మూడంకెలదో అయితే కంపెనీ సొంత లెక్క. అప్పుడు ఏ కంపెనీ, ఏ ఏడు అన్నది తెలియకుండా నంబరు ఒక్కదాన్నీ నమ్మకూడదు. అదే నంబరు మూడు కంపెనీల్లో మూడు వేరువేరు ఇంజన్లకు ఉండేది.

ఈ చిక్కు విప్పడానికి అన్నిటికన్నా గట్టి ఆసరా హ్యూ హ్యూస్ రాసిన ఇండియన్ లోకోమోటివ్స్. 1990 నుంచి 1996 వరకు నాలుగు భాగాలుగా వచ్చింది. రెండో భాగం 1872 నుంచి 1940 వరకు మీటర్ గేజి ఇంజన్లకు, నాలుగోది 1941 నుంచి 1990 వరకు అన్ని గేజిలకు. కంపెనీ వారీగా తరగతి, నడిచే నంబర్లు, తయారీదారు, తయారీ నంబర్లు, సంవత్సరాలు పట్టికలుగా ఇచ్చాడు. నడిచే నంబరు నుంచి తయారీ నంబరుకు దాటే వంతెన అదే. తయారీ నంబరు దొరికితే ఇంజను పుట్టిన ఊరు తెలుస్తుంది. మాంచెస్టరులోని బేయర్ పీకాక్ కావచ్చు, 1903లో మూడు కంపెనీలు కలిసి ఏర్పడిన గ్లాస్గో నార్త్ బ్రిటిష్ కంపెనీ కావచ్చు. వాటి పాత ఆర్డరు పుస్తకాలూ డ్రాయింగులూ ఆ నగరాల దస్తరశాలల్లో భద్రంగా ఉన్నాయి. వై.పి. అయితే అమెరికాలో బాల్డ్విన్, స్కాట్లండులో నార్త్ బ్రిటిష్, జర్మనీలో క్రాస్ మాఫై, లేదా జంషెడ్‌పూర్‌లోని టెల్కో చేసి ఉంటుంది. వై.పి. మొత్తం 871, వై.జి. 1,074 తయారయ్యాయి. చిత్తరంజన్‌లో చివరి వై.జి. 1972లో పూర్తయింది.

ఇంజను పలక ఇంట్లో ఉండటం అరుదు. ఇత్తడికి ధర పలికే కాలంలో అవి ముందే ఊడిపోయాయి. అయితే వర్క్‌షాపులో విప్పిన భాగాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా కడ్డీల మీద ఇంజను నంబరు సుత్తితో గుద్దేవారు. ఇంట్లో దాచుకున్న ఇనుప ముక్క మీద నూనె మరకల కింద అలాంటి అంకెలు ఉన్నాయేమో కిరసనాయిలుతో తుడిచి, పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుని చూడాలి. ఇసుక కాగితం పెట్టి రుద్దితే అంకెలే పోతాయి.

బాయిలరు వేరు, ఇంజను వేరు

వెతికేవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది బాయిలరు. ఇంజనులో అన్నిటికన్నా పెద్ద భాగం అదే కాబట్టి దాని మీద కనిపించిన నంబరే ఇంజను నంబరనుకుంటారు. బాయిలరుకు సొంత నంబరు, సొంత చరిత్ర ఉంటాయి. ఇంజను గుర్తింపు దాని ఫ్రేముది.

బాయిలర్లు ఒక ఇంజను నుంచి మరోదానికి మారడానికి కారణం నీళ్లు. అనంతపురం సీమలో వాన తక్కువ. బావుల్లో, బోర్లలో దొరికేది చాలాచోట్ల ఉప్పదేరిన గట్టి నీరు. అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడికి విడిపోయి, బొగ్గుపులుసు వాయువు పైకి పోయి, కాల్షియం కార్బనేటు పొరగా గొట్టాలకు అంటుకుంటుంది. ఇళ్లలో నీళ్లు కాచే కాగు అడుగున కట్టే తెల్లని గార ఇదే. గార వేడిని సరిగా పోనివ్వదు. నిప్పుగూడులో వేడి వెయ్యి డిగ్రీల పైన ఉంటే, 210 పౌన్ల ఒత్తిడిలో నీరు మరిగేది దాదాపు 200 డిగ్రీల దగ్గర. నీరు తగులుతున్నంతసేపూ లోపలి రేకు చల్లగానే ఉంటుంది. గార అడ్డుపడితే రేకు కాలి మెత్తబడి ఉబ్బుతుంది. నీటి మట్టమే పడిపోతే ప్రమాదం ఇంకా పెద్దది. అందుకే నిప్పుగూడు కప్పులో సీసపు బిళ్ల పెట్టేవారు. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. నీరు కప్పును విడిచిన కాసేపటికి బిళ్ల కరిగి, ఆవిరి నిప్పు మీదికి చిమ్మి డ్రైవరును హెచ్చరిస్తుంది. బిళ్ల కరగనిచ్చిన డ్రైవరుకు సంజాయిషీ తప్పేది కాదు. సర్వీసు రికార్డులో అలాంటి మాట కనిపిస్తే మనుమలు సిగ్గుపడనక్కర్లేదు. ఆ బిళ్ల అందరి ప్రాణాలూ కాపాడింది.

గార తీయడానికి షెడ్డులో బాయిలరును తరచూ కడిగేవారు. కొన్నేళ్లకోసారి ఇంజను హుబ్లీ లాంటి పెద్ద వర్క్‌షాపుకు పోయేది. అక్కడ ఇంజను పనికన్నా బాయిలరు పనికి ఎక్కువ కాలం పట్టేది. అప్పటిదాకా ఇంజనును ఖాళీగా ఉంచకుండా, బాగుచేసి సిద్ధంగా ఉన్న మరో బాయిలరు బిగించి పంపేవారు. టెండర్లూ ఇలాగే మారేవి. ఇరవై ఏళ్లు నడిచిన ఇంజనులో మొదటి బాయిలరు మిగలడం అరుదు.

చివరి మజిలీ

1960ల నుంచి మీటర్ గేజి మీదికి వై.డి.ఎం.-4 డీజిళ్లు వచ్చాయి. గుంతకల్లు-బెంగళూరు లైను 1980ల మొదట్లో బ్రాడ్ గేజి అయింది. ధర్మవరం-పాకాల లైను 2010లో మారింది. గేజి మారాక అక్కడి మీటర్ గేజి ఇంజను వేరే డివిజనుకు పోయింది, లేదా పాత ఇనుముగా వేలం పాడారు. వేలం చీటీలో నడిచే నంబరు ఉంటుంది. ఇంజను చరిత్రలో చివరి కాగితం అది. దేశంలో మీటర్ గేజి ఆవిరి రైలు రోజువారీ నడక 1990ల చివరతో ముగిసింది. నీలగిరిలో మేట్టుపాళయం నుంచి కూనూరు కొండెక్కే పళ్ల పట్టాల ఇంజన్లు మాత్రం ఆవిరితో నడుస్తున్నాయి. తాత ఇంజను మిగలకపోయినా దాని తరగతిది ఒకటి ఎక్కడో నిలబడి ఉంటుంది. మీటర్ గేజి ఇంజన్ల కోసం మైసూరు రైలు మ్యూజియం, పెరంబూరు మ్యూజియం, హర్యానాలోని రేవాడి ఆవిరి ఇంజన్ల షెడ్డు చూడదగినవి.

1970ల్లో ధర్మవరం, గుంతకల్లు, పాకాల షెడ్లలో క్లీనర్లుగా, ఫైర్‌మ్యాన్లుగా చేరిన కుర్రవాళ్లు ఇప్పుడు డెబ్బైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు. దస్తరాలకు అర్జీలు పెట్టే ముందు వాళ్ల దగ్గరికి పోయి, ఫొటో చూపించి, నంబర్లు అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు తేదీ వేసి రాసుకోండి. ఫొటో వెనక ఊరు, ఏడు, నిలబడినవాళ్ల పేర్లు పెన్సిలుతో రాయండి.